జింకల సెలవు

పొయ్యి మూత ఎత్తి కర్ట్ లోపలికి చెయ్యి పెట్టబోయాడు. మార్లీన్ వెనక నుంచి మొగుడి మోచెయ్యి పట్టుకుని లాగింది.

“కాలిపోయినవాటి కోసం చెయ్యి కూడా కాల్చుకుంటావా?”

“అన్నీనా?”

“అన్నీ,” అంది డిలేనీ బల్లకి అవతల నిలబడి. “అట్టపెట్టెతో సహా.”

పదిహేడేళ్ళ పిల్ల. చేతులు కట్టుకుని నిలబడింది. చొక్కా మణికట్టు దగ్గర మసి అంటుకుంటే దులుపుకోను కూడా లేదు. చేసిన పని దాచుకునే ఉద్దేశం లేదని ఆ మసే చెబుతోంది.

కర్ట్ మూతని నేలకేసి కొట్టాడు. ఆ మోతకి వరండాలో పడుకున్న కుక్క లేచి మెట్ల కిందకి దూరింది.

“అవేంటో తెలుసా నీకు? ఫైర్ హాలు టికెట్లు. ఊరు నన్ను నమ్మి ఇచ్చినవి. శనివారం లాటరీ. ఏ మొహం పెట్టుకుని పోను నేనక్కడికి?”

“ఉన్న మొహమే పెట్టుకుని పో. బల్ల మీద తుపాకులు వరసగా పేర్చి ‘రండి బాబూ రండి’ అని పిలవడానికి రాని సిగ్గు, టికెట్లు కాలిపోయాయని చెప్పడానికి ఎందుకొస్తుంది?”

ఫైర్ హాలుకి పెద్ద కర్టే. జీతం లేని పెద్దరికం. స్టోవర్ లోయలో మంటలార్పేవాళ్ళెవరికీ జీతాలుండవు. పగలంతా ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు, సైరన్ మోగితే ఎక్కడి పని అక్కడ వదిలేసి పరిగెత్తుతారు. గొట్టాలకీ బండ్లకీ అయ్యే ఖర్చు ఏటా వేటకాలంలో తుపాకులు బహుమతులుగా పెట్టి నడిపే లాటరీలోంచే రావాలి. తాతల నాటి పద్ధతి. ఏప్రిల్లో బడిలో కాల్పులు జరిగాక, ఈ ఏడు ఉండదులే అనుకున్నవాళ్ళున్నారు. సంఘం కూర్చుంది, కాఫీ తాగింది, ఎప్పటిలాగే పెడదామంది.

“ఒక మాట చెప్తాను విను.” కర్ట్ గొంతు తగ్గించాడు. కేకలు వేసినంతసేపూ ఫరవాలేదు, గొంతు తగ్గిస్తేనే ఆ ఇంట్లో భయం. “ఆ రోజు మీ బడి ముందు ఆగిన అంబులెన్సు ఎక్కడిదనుకున్నావు? ఆకాశంలోంచి ఊడిపడిందా? ఆ టికెట్ల డబ్బుతో కొన్నది. ఆ బండి లేకపోతే ఇంకెందరు పోయేవాళ్ళో.”

“మాలరీ అందులోనే పోయింది నాన్నా.”

మాలరీ డిలేనీ క్లాసు పిల్ల. మార్లీన్ బంగాళాదుంపలు తరుగుతున్న కత్తి ఆపింది.

“దారిలోనే పోయింది. తుపాకులు పంచి కొన్న బండిలో, తుపాకీ దెబ్బకి. ఇచ్చిన చేత్తోనే ప్రాణం పుచ్చుకున్నారు.”

“డిలేనీ,” అంది తల్లి.

“ఏం, అబద్ధమా?”

తల్లి తరిగిన ముక్కలు పక్కకి తోసింది. ఆవిడ ఆ బడిలోనే వంట చేస్తుంది. ఆ రోజు భోజనానికి వరసలో నిలబడ్డ చిన్న క్లాసుల పిల్లల్ని మాంసం దాచే చలిగదిలోకి తోసి, తలుపు పిడి లోపలి నుంచి పట్టుకుని నిలబడింది. బయట అంతా అయ్యి పోలీసులు వచ్చి పిలిచినా వేళ్ళు పిడిని వదల్లేదంటారు. ఆవిడ మాత్రం ఆ సంగతి ఇంట్లో ఒక్కసారీ ఎత్తలేదు. ఎండాకాలం వచ్చి పోయింది, ఒంటి మీది స్వెట్టరు విప్పలేదు.

కొండ మీద ఎక్కడో తుపాకీ పేలింది. కాసేపటికి దూరంగా ఇంకొకటి.

ఇవాళ జింకల వేటకి మొదటి సోమవారం. బడికి సెలవు. తీసినా పిల్లలూ రారు, పంతుళ్ళూ రారు. పొద్దుటి నుంచీ పేలుతూనే ఉంది. పేలినప్పుడల్లా మార్లీన్ చేతిలో కత్తి ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. కర్ట్ తప్ప లోయలో తుపాకీ ఉన్న మగవాడెవడూ ఇవాళ ఇంట్లో లేడు. అతనూ తెల్లవారకముందే పోవలసినవాడే. టికెట్ల పెట్టె కోసం వెతుక్కుంటూ ఉండిపోయాడు.

“ఆ మోత విని కూడా నీకేమీ అనిపించదా?” అంది డిలేనీ.

“అనిపిస్తుంది. చలికాలానికి మాంసం దొరికిందనిపిస్తుంది. నువ్వు తిని పెరిగిన మాంసం.”

“నేను జింకల గురించి మాట్లాడుతున్నానా? నీ తుపాకీ ఎవరడిగారు? ఇంట్లో పిల్లలుంటే తాళంలో పెట్టండి, తాళంచెవి వాళ్ళకి అందనివ్వకండి, అందితే ఆ తప్పు పెద్దవాళ్ళది. శాసనసభలో పెట్టిన బిల్లులో ఉన్నది ఇంతేగా. ఎన్నిసార్లు చదివి వినిపించాను నీకు.”

“ఇవాళ తాళం అంటారు. రేపు తుపాకీ పట్రమ్మంటారు.”

“రేపు రేపే. నేను పోతున్నాను.”

“పోవు.”

“పొద్దున్నే వ్యాను వస్తుంది. అందరం కలిసే పోతున్నాం.”

రేపు రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లో శాసనసభ కమిటీ ముందు బడి పిల్లల తరఫున మాట్లాడవలసింది డిలేనీయే. ఆ కుర్చీ కోసం ఆ పిల్లలు ఏడు నెలలుగా ఊరూరా తిరిగారు, చర్చి గుమ్మాల్లో నిలబడ్డారు, కిరాణా కొట్ల ముందు తిట్లు తిన్నారు.

కర్ట్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“సరే, పోయావే అనుకుందాం. ఏం చెప్తావు? ఈ చట్టం ఉంటే బడిలో కాల్చిన ఆ వెస్లీ ఆగేవాడనా? వాడి తాత ఓరిన్ తుపాకుల బీరువాకి తాళం ఉంది. ఆ పిల్లాడు అద్దం పగలగొట్టి తుపాకీ తీసుకున్నాడు. పగలగొట్టేవాణ్ణి తాళం ఏం ఆపుతుంది, తాళం చట్టం ఏం ఆపుతుంది? ఆ పెద్దలు ఈ ఒక్క ప్రశ్న అడుగుతారు. నువ్వు నోరు తెరుచుకుని నిలబడతావు. నీ పరువు పోతుందనే నా బాధ.”

అద్దం. డిలేనీకి ఆ మాట వింటేనే కడుపు మండుతుంది. ఎక్కడ సభ పెట్టినా వెనక వరసలోంచి ఎవడో ఒకడు లేస్తాడు. ‘అద్దం పగలగొట్టాడు గదే తల్లీ, మరి దానికేమంటావు?’ అంటాడు. జనం నవ్వుతారు. సభ అక్కడితో సరి. ఈ లోయ తరఫున ఎన్నికైన సభ్యుడు రేడియోలోనూ అదే పాట పాడాడు.

ఆమె ముందు గదిలోకి పోయింది. అక్కడ తుపాకుల బీరువా ఉంది, తలుపు అద్దం మీద కొమ్ముల జింక బొమ్మ. చెయ్యి చాపి బీరువా నెత్తి మీద తడిమింది. తిరిగొచ్చి బల్ల మీద, బంగాళాదుంప తొక్కల్లోకి తాళంచెవి విసిరింది.

“ఇదీ మన తాళం.”

“దాన్ని ఎక్కడుందో అక్కడ పెట్టు.”

“ఐదేళ్ళప్పుడు కుర్చీ ఎక్కి తీసుకునేదాన్ని. చూసి నువ్వు నవ్వేవాడివి. ఈ లోయలో ఏ ఇంటికైనా పో, బీరువా నెత్తినే ఉంటుంది. మాలరీ వాళ్ళింట్లో అక్కడే. ఓరిన్ తాత ఇంట్లో అక్కడే. చెడ్డీ వేసుకోవడం రాని పిల్లాడికి కూడా తెలుసు. బడిలో అంత జరిగాక కూడా మనింట్లో అక్కడి నుంచి అంగుళం కదల్లేదు.”

“నువ్వు దొంగవి కావు గనక కదల్లేదు.”

“వెస్లీ దొంగా? ఇదే బల్ల దగ్గర కూర్చుని అమ్మ చేసిన రొట్టె తినేవాడు. తాళంచెవి చెయ్యి చాపితే అందుతుంటే, వాడు అద్దం ఎందుకు పగలగొట్టాడు నాన్నా?”

“ఆ బుర్రలో ఏముందో నాకేం తెలుసు?”

అంటూ కర్ట్ కిటికీ వైపు తిరిగాడు.

చిన్న సంగతే. కానీ కర్ట్ ఎంత కోపంలో ఉన్నా ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి కసిరే రకం. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మార్లీన్‌కి ఆ కిటికీ చూపు కొత్తగా ఉంది. కత్తి పక్కన పెట్టింది.

బయట ట్రక్కు ఆగింది. కుక్క మొరగలేదు. తెలిసిన మనిషన్నమాట.

వచ్చినవాడు ఓరిన్, వెస్లీకి తాత. ఆ పిల్లాణ్ణి చిన్నప్పటి నుంచీ పెంచింది అతనే. వెస్లీ ఆ రోజు చివరి గుండుతో తననే కాల్చుకున్నాడు. అప్పటి నుంచి ఓరిన్ ఆదివారం చర్చికి తప్ప ఇల్లు కదిలిన మనిషి కాడు. కర్ట్ తండ్రి క్వారీలో చనిపోతే, పన్నెండేళ్ళవాడికి మొదటి తుపాకీ చేతికిచ్చి, కొండెక్కించి, గురి నేర్పింది కూడా ఈ ఓరినే.

“లోపలికి రా బాబాయ్,” అని కర్ట్ లేచాడు. మొహంలో ఒక రకమైన ఊరట కనిపించింది. ఇంటికి పెద్దమనిషి వస్తే పోట్లాట ఆగుతుంది కదా.

ఓరిన్ టోపీ తీశాడు. కూర్చోలేదు. మార్లీన్ కాఫీ పోసి ముందు పెట్టినా కప్పు ముట్టలేదు.

“వేటకి పోలేదా తాతా?” అంది డిలేనీ.

“నావన్నీ పోలీసులు పట్టుకుపోయారు గదమ్మా. ఉన్నా పోయేవాణ్ణి కాదు.” తర్వాత ఆమెని తేరిపార చూశాడు. “రేపు నువ్వు మాట్లాడతావట గదా.”

“అవును తాతా. మీ పేరు ఎత్తను. మాటిస్తున్నాను.”

“అందుకు రాలేదు నేను.” అతను కర్ట్ వైపు తిరిగాడు. “కర్ట్, నా తాళంచెవి ఇచ్చెయ్యి.”

“ఏ తాళంచెవి?”

“బీరువాది.”

“అది నా దగ్గరెందుకుంటుంది బాబాయ్?”

“కూర్చో. నిలబడి అబద్ధాలాడితే కాళ్ళు నొప్పెడతాయి.”

కర్ట్ కూర్చోలేదు.

ఓరిన్ మాట్లాడేటప్పుడు టోపీ అంచు వేళ్ళతో తిప్పుతూనే ఉన్నాడు. “ఆ రోజు నేను వెనక చేలో కంచె కట్టుకుంటున్నాను. ఇంటికొచ్చేసరికి నువ్వున్నావు, పోలీసులున్నారు. నేలనిండా అద్దాలు. వాళ్ళు పోయాక నేనే ఊడ్చాను. ఊడ్చి, అలవాటు కొద్దీ బీరువా మీద తడిమాను. తాళంచెవి లేదు. ఇల్లంతా వెతికాను. వాడు పట్టుకుపోయాడేమో అనుకున్నాను. వాడి జేబుల్లో ఉన్నవన్నీ ఒక సంచిలో పెట్టి నాకిచ్చారు. బబుల్ గమ్మూ, బొంగరం తాడులాంటిదేదో ఉన్నాయి. తాళంచెవి లేదు. అద్దం పగలగొట్టినవాడికి తాళంచెవితో పనేంటి? మరి ఎవడికుంది పని? పోలీసుల కంటే ముందు నా ఇంట్లో అడుగుపెట్టినవాడు ఒక్కడే.”

బల్ల మీద కాఫీ పొగ లేస్తోంది. డిలేనీ తండ్రినే చూస్తోంది.

“ఇన్నాళ్ళూ నువ్వే చెప్తావని చూశాను,” అన్నాడు ఓరిన్.

“లేదు బాబాయ్,” అన్నాడు కర్ట్.

“ఏం లేదు?”

“తాళంచెవి లేదు. వంతెన మీంచి పారేశాను.”

డిలేనీ గొంతు పిల్ల గొంతులా లేదు.

“అద్దం నువ్వు పగలగొట్టావా?”

“వైర్లెస్‌లో పిల్లాడి పేరు చెప్పారు. బాబాయ్ ఫోను ఎత్తడంలేదు. ఆయన్ని కూడా కాల్చేశాడేమోనని పరిగెత్తాను. ఇంట్లో ఎవరూ లేరు. బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది, తాళంచెవి తాళంలోనే వేలాడుతోంది.” కర్ట్ అరచేతులు బల్లకి ఆనించాడు. “నన్నేం చెయ్యమంటారు? ఆ తాళంచెవి చూస్తే ఊరు ఊరుకునేదా? పిల్లాడు పోయాడు, పెద్దాయన మిగిలాడు. అందరి కోపం ఈయన మీద పడేది. ఇల్లు తగలబెట్టేవాళ్ళు, ఆ మంట ఆర్పడానికి నేనే పోవలసి వచ్చేది. గొడ్డలి చేతిలో ఉంది. కొట్టాను.”

“నన్నడిగావా?” అన్నాడు ఓరిన్.

“నీ కోసమే గదా.”

“నన్నడిగావా అంటున్నాను. ఈ ఏడు నెలల్లో ఊళ్ళో ఒక్కడు నన్ను తిట్టలేదు. గుమ్మంలో కూరగిన్నెలు పెట్టిపోయారు. మాలరీ వాళ్ళమ్మ రోండా చర్చిలో నా చెయ్యి పట్టుకుని ‘మీ తప్పేం లేదు, మీరు తాళం వేసే ఉంచారు’ అంది. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి నన్ను ఓదార్చింది. ఆవిడ నా మొహాన ఉమ్మేసి ఉంటే ఆ రాత్రి నాకు నిద్రపట్టేది. ఆ ఉమ్మి కూడా నాకు దక్కకుండా చేశావు.”

“నేనేమో ఊరూరా నవ్వులపాలయ్యాను,” అంది డిలేనీ. “ప్రతి సభలో అద్దం, అద్దం. నేను ఏడుస్తూ ఇంటికొస్తే నువ్వేమన్నావు? ‘నేను చెప్పలేదా’ అన్నావు. ఇదే కుర్చీలో కూర్చుని అన్నావు. నువ్వే పగలగొట్టి, ఆ పెంకులు నా నోట్లో పోశావు.”

“గొంతు తగ్గించు.”

“తగ్గించను. ఇది నువ్వు తగ్గించమంటే తగ్గే రోజు కాదు.”

అప్పుడు మార్లీన్ మాట్లాడింది. గట్టిగా కూడా కాదు.

“ఆ రోజు నేను చర్చి ఆవరణలో నిలబడ్డాను.”

ముగ్గురూ అటు తిరిగారు.

“పిల్లల్ని దాటించి నిలబడ్డాను. చేతులు కొయ్యబారిపోయాయి, ఎవరో దుప్పటి కప్పారు. డిలేనీ ఎక్కడుందో నాకు తెలీదు, నువ్వెక్కడున్నావో తెలీదు. ఎర్రబండి కనబడ్డప్పుడల్లా నువ్వే అనుకున్నాను. చీకటి పడ్డాక వచ్చావు. ఏమైపోయావంటే బండి పక్కకి తీయించడంలో ఆలస్యమైందన్నావు.”

“మీరిద్దరూ బతికే ఉన్నారని వైర్లెస్‌లో తెలిసింది మార్లీన్.”

“నీకు తెలిసింది. నాకు?”

కొండ మీద మళ్ళీ పేలింది. ఈసారి మార్లీన్ ఉలిక్కిపడలేదు.

ఓరిన్ చివరికి కుర్చీలో కూలబడ్డాడు. చల్లారిన కాఫీ ఒక గుక్క తాగాడు.

“అమ్మాయ్, రేపు నేనూ నీతో వస్తాను. తాళంచెవి బీరువా నెత్తినే ఉండేదని, నా నోటితో నేనే చెప్తాను. వాడు దాంతోనే తెరిచాడని చెప్తాను. అద్దం మాట అడిగితే, భయపడి నేనే పగలగొట్టానంటాను. ముసలాణ్ణి, నన్నేం చేస్తారు? నీ మాట నెగ్గుతుంది. మీ నాన్న పరువూ పెద్దరికమూ నిలబడతాయి. ఇంటి గుట్టు ఇంట్లో ఉంటుంది.”

కుదిరే మాటే. బిల్లు గెలవచ్చు. ఇల్లు నిలవచ్చు. దోషం మోస్తానని ఒక మనిషి తనంతట తానే భుజం చూపిస్తున్నాడు.

కర్ట్ భుజాలు కిందికి జారాయి. బిగిసిన దవడ వదులైంది.

డిలేనీ అది చూసింది. చూడకపోయినా బాగుండేది.

“అమ్మా, నాన్న మొహం చూడు,” అంది. “ఓరిన్ తాత మళ్ళీ మోస్తానంటే ఎంత హాయిగా ఊపిరి తీసుకున్నాడో చూడు.”

“నేనేం అన్నాను ఇప్పుడు?” అన్నాడు కర్ట్.

“అనలేదు. వద్దని కూడా అనలేదు.” ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చి తండ్రి ఎదుట నిలబడింది. “రేపు కూర్చోగానే కుడిచెయ్యి ఎత్తమంటారు. నిజమే చెప్తానని ప్రమాణం చెయ్యమంటారు. ఎత్తిన చేత్తో ఏం చెప్పమంటావు? ఈయన చేసిన తప్పు చెప్తూ, నువ్వు చేసిన తప్పు కూడా ఈయన ఖాతాలో రాయించనా? పదిహేడేళ్ళుగా అబద్ధం ఆడొద్దని నాకు నేర్పింది నువ్వు. ఇప్పుడు ఎలా ఆడాలో అదీ నువ్వే నేర్పు.”

“నన్ను జైల్లో పెడతారు డిలేనీ.”

“తెలుసు.”

“తెలిసే చెప్తావా?”

డిలేనీ చెప్తాననలేకపోయింది, చెప్పననలేకపోయింది. కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళొచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

“తండ్రిని పట్టించే పని కూతురికి పెట్టినవాడివి నువ్వు,” అంది మార్లీన్ కర్ట్‌తో. “అది ఏం చెప్పినా రేపు రాత్రి దానికి నిద్ర ఉండదు. అది మాత్రం గుర్తుంచుకో.”

కర్ట్ ఎవరి వైపూ చూడకుండా అడిగాడు.

“రోండా వస్తుందా రేపు?”

“వస్తుంది,” అంది డిలేనీ. “ముందు వరసలో కూర్చుంటుంది. మాలరీ ఫోటో ఒళ్ళో పెట్టుకుని.”

అతను మేకుకి తగిలించిన కోటు తీసుకున్నాడు. వేటకి వేసుకునే నారింజరంగు కోటు, చేతికి అదే దొరికింది. ఒక చెయ్యి తొడుక్కుని, రెండోది తొడుక్కోకుండానే తలుపు తీశాడు.

“ఎక్కడికి?” అంది మార్లీన్.

తలుపు మూసుకుంది. ట్రక్కు రెండుసార్లు దగ్గి స్టార్టయింది.

కిటికీ దగ్గరికి ముగ్గురూ వచ్చారు. పొద్దు కొండ వెనక్కి జారింది. లోయలో మసక పరుచుకుంటోంది. ఇంటి బాట చివర రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమకి పోతే ఫైర్ హాలు. అక్కడ వేట నుంచి దిగినవాళ్ళంతా ఈపాటికి చేరి ఉంటారు, కర్ట్ మాటకి ఎదురు చెప్పేవాడు ఒక్కడుండడు. కుడి దారిలో ఉన్నది ఒక్కటే ఇల్లు, రోండాది.

మార్లీన్ తన చెప్పుల కోసం చూసింది. “నేను వెనకాలే పోతాను.”

“వద్దమ్మా,” అంది డిలేనీ. తల్లి స్వెట్టరు చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఒక్కణ్ణే పోనీ.”

ట్రక్కు బాట చివరిదాకా పోయి ఆగింది. ఎటువైపుకీ సిగ్నల్ వేయలేదు. బ్రేకు దీపాలు మాత్రం ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి.